పిడికిటిలోని చక్రము

ఇంటిలో ఒక మూలను చిన్న బల్ల వేసికొని, సెలవు దినములలో తన చేతులతో తానే ఏదో ఒక వస్తువును కూర్చుకొను గృహస్థుడు, ఇనుపకడ్డీని తునుమవలసి వచ్చినను, పలుచని రేకులో నలుచదరపు కంత చేయవలసి వచ్చినను, తుప్పుపట్టి ఎంతమాత్రమును కదలని బోల్టు తలపై గాడి తీయవలసి వచ్చినను, నేడు మొట్టమొదట అందుకొనునది రోటరీ టూలు అను చిన్న పనిముట్టును. జానెడు పొడవు, పిడికిటిలో ఇముడు లావు, ఒక కొసన విద్యుత్తీగ, రెండవ కొసన మూడు మిల్లీమీటర్లకు కొంచెము మించిన కాడను బిగించి పట్టుకొను చిన్న ఇత్తడి లేక ఉక్కు పట్టు: దీని స్వరూపమంతయు ఇంతియే. ఆ పట్టులో గుండ్రని రాతిబిళ్ళను బిగించిన అది రంపమగును; మొన బిగించిన బరమా యగును; ఇసుకకాగితపు గొట్టము తొడిగిన ఆకురాయి యగును; ఉన్నిచక్రము తొడిగిన మెరుగుపెట్టు సాధనమగును.

దీని చరిత్రను విద్యుత్తుతో ఆరంభించుట వాడుక. మోటారు పుట్టినది, మోటారు చిన్నదైనది, చేతిలోనికి వచ్చినది అని చెప్పి ముగింతురు. ఆ కథ అబద్ధము కాదు గాని, అందు పూర్వార్ధము లోపించినది. త్రిప్పు బలము ఎచ్చట నుండవలెను, పని చేయుచున్న చేతిలోనా, ప్రక్కన నిలిచిన సహాయకుని భుజములలోనా, కాలిలోనా, దూరమున వ్రేలాడు యంత్రములోనా అను ప్రశ్న మానవుని అనేక సహస్రాబ్దములు వేధించినది. ఒక్కొక్క యుగము ఆ ప్రశ్నకు చెప్పిన సమాధానములను వరుసగా కూర్చిన, ఈ పనిముట్టు చరిత్ర తనంత తానే రూపొందును.

ఆ సమాధానములలో మనకు తెలిసిన మిక్కిలి ప్రాచీనమైనవానిలో ఒకటి బెలూచిస్తానమున, బోలాన్ కనుమ సమీపమున, మెహర్‌గఢ్ అను నవీన శిలాయుగపు గ్రామమున లభించినది. అచ్చటి శ్మశానవాటికలో తొమ్మండుగురు వయోజనుల అస్థిపంజరములందు పదునొకండు దంతములకు తొలిచిన రంధ్రములు కనబడినవి. వాని ప్రాయము 7,500 మొదలు 9,000 సంవత్సరముల వరకు ఉండునని 2006లో పరిశోధకులు ప్రకటించిరి. రంధ్రముల వెడల్పు 1.3 మొదలు 3.2 మిల్లీమీటర్లు. తొలచిన పిమ్మట ఆ మనుష్యులు జీవించియుండిరనుటకు రంధ్రపుటంచుల అరుగుదలయే ప్రమాణము; అనగా ఇది శవములకు చేసిన సంస్కారము కాదు, నొప్పిని ఓర్చుకొని నోరు తెరచి కూర్చున్న సజీవునికి చేసిన చికిత్స. అదే గ్రామమున పూసలు తొలుచుటకు వాడిన చెకుముకిరాతి సన్నని మొనలును దొరకినవి. అట్టి మొనను విల్లుతో త్రిప్పి పరీక్షింపగా, మానవదంతపు పింగాణినైనను ఒక నిమిషములోపున తొలువవచ్చునని తేలినది. పూసల పనివాని నేర్పే పంటివైద్యునికి అక్కరకు వచ్చినదని ఊహించుట అసంగతము కాదు. ఈ రెండు వృత్తుల చెలిమి ఏడెనిమిది వేల యేండ్ల తరువాత మరల చరిత్రలో ప్రత్యక్షమగును గనుక ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

విల్లుతో త్రిప్పుట యన, నిలువు కడ్డీకి అల్లెత్రాటిని ఒక చుట్టు చుట్టి, వింటిని ముందునకు వెనుకకు లాగుట. మజ్జిగ చిలుకునప్పుడు కవ్వమునకు త్రాడు ఎట్లు పనిచేయునో ఇదియు అట్లే పనిచేయును. యజ్ఞవాటికలో అరణిని మథించి అగ్నిని పుట్టించు పద్ధతియు ఇదియే గాన, ఈ చలనము మన జాతికి మిక్కిలి పాతపరిచయము. ఇందు గుణమెంతయో లోపమును అంతయే. మొదటి లోపము, కడ్డీ ఒక వైపునకు కొన్ని చుట్లు తిరిగి, ఆగి, ఎదురువైపునకు తిరుగును. ఆ ఆగు క్షణమున కోత ఉండదు. రెండవది, ఒక చేయి వింటికి, ఒక చేయి కడ్డీ తలపై అదుముటకు బద్ధమై, తొలువబడు వస్తువును పట్టుకొనుటకు మూడవ చేయి లేకుండ పోవును. అందుచేత పనివాడు వస్తువును కొయ్య బిగింపులో ఇరికించును, లేదా కాలివ్రేళ్ళతో పట్టును, లేదా కొడుకును ప్రక్కన కూర్చుండబెట్టుకొనును. కులవృత్తులలో బాల్యమునుండియే పిల్లలు పనిలో కుదురుకొనుటకు గల కారణములలో ఈ మూడవ చేతి కొరత ఒకటి యని నా నమ్మకము.

ఇంతటి లోపముగల సాధనముతోనే సింధునాగరికపు పనివారు సాధించినది తలచుకొన్న విస్మయము కలుగును. 1935-36లో ఎర్నెస్ట్ మెకే త్రవ్వించిన చన్హుదారో పట్టణమున కెంపువన్నె కార్నీలియన్ రాతిని పొడవైన పూసలుగా మలచి, ఇరుకొసలనుండి తొలిచి, నడుమ రంధ్రములను కలుపు కార్ఖానాలు బయల్పడినవి. ఆ రాయి ఉక్కుకత్తికి లొంగదు. దానిని తొలుచుటకు వారు వాడిన గట్టి రాతిమొనలకు ఇటీవలి పండితులు మెకే పేరిట ఎర్నెస్టైటు అను సంజ్ఞ నిచ్చిరి. అట్టి మొనతో పరీక్షగా తొలిచి చూడగా గంటకు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే లోతు సాగినది. పది సెంటీమీటర్ల పూసకు దినములకు దినములు విల్లు లాగవలెనన్న మాట! ఇట్టి పూసలు సముద్రము దాటి మెసపొటేమియాలో ఊరు నగరపు రాజసమాధులలోనికి చేరినవనిన, వాని విలువకు ఆ శ్రమయే కొలత. గుజరాతమున ఖంభాత్ పట్టణపు పూసలపనివారు, రాతిమొనకు బదులు వజ్రపుతునకలు పొదిగిన మొనను వాడుచు, అదే వింటిపద్ధతిని మన కాలము వరకును నిలిపిరి. ఈజిప్టులో థీబ్సునందలి రెఖ్మీరే సమాధి గోడచిత్రమున పూసలవాడు ఒకే వింటితో ఒకటికి మించిన కడ్డీలను ఒక్కసారి త్రిప్పుచు కనబడును. వేగము పెంచలేనివాడు సంఖ్యను పెంచినాడు.

మన తెలుగునాట వడ్రంగులు బరమాను ఇదే తీరున వింటితోగాని త్రాటితోగాని త్రిప్పినవారే. అనకాపల్లి జిల్లాలో వరాహనదీతీరపు ఏటికొప్పాకలో అంకుడు కొయ్యతో లక్కబొమ్మలు చేయువారి తరిమెన కూడ ఈ కుటుంబములోనిదే. అచ్చట భేదమేమన, పనిముట్టు కదలక కొయ్య తిరుగును. తిరుగునది వస్తువా పనిముట్టా అను ఈ భేదము చిన్నదిగా తోచును గాని, ఫలితము చాల పెద్దది. వస్తువు తిరిగినచో గుండ్రని రూపములు మాత్రమే పుట్టును. పనిముట్టు తిరిగి, దానిని పట్టిన చేయి స్వేచ్ఛగా కదలగలిగినచో ఏ రూపమైనను పుట్టవచ్చును. రెండవ దానిని సాధింపవలెనన్న త్రిప్పు బలము చేతితోపాటు కదలగలుగవలెను. అది సాధ్యమగుటకు పందొమ్మిదవ శతాబ్దము వరకును వేచియుండవలసి వచ్చెను.

అంతకు పూర్వపు స్థితి యెట్లుండెనో ఎరుగుటకు దక్కను వజ్రపు గనుల వృత్తాంతమే చాలును. 1676లో పారిసునందు అచ్చుపడిన తన యాత్రాగ్రంథమున ఫ్రెంచివర్తకుడు టవెర్నియే, గోలకొండకు ఐదు దినముల ప్రయాణదూరమున నున్న రావల్కొండ గనియొద్ద తాను చూచిన వజ్రములు సానపట్టువారిని వర్ణించెను. భోజనపళ్ళెమంతటి చక్రముపై ఒక్కొక్క రాయిని నిలిపి, నూనెయు వజ్రధూళియు వేసి, తమ దేశమువారికంటె అధికమైన బరువును రాతిపై మోపి అరుగదీయుదురనియు, ఆ చక్రమును నడుపు పెద్దచక్రమును నలుగురు మనుష్యులు త్రిప్పుదురనియు ఆయన వ్రాసెను. ఒక రాతికి పదును పెట్టుటకు నలుగురి భుజబలము! కోసెడి చేయి ఒకటి, త్రిప్పెడి చేతులు ఎనిమిది. ఆ నలువురి పేర్లు ఏ గ్రంథమునను లేవు. వారు అరుగదీయగా వెలుగుచూచిన రత్నములకు మాత్రము ఐరోపాలో పేర్లును వంశావళులును కలవు.

సానచక్రము మాట వచ్చినది గనుక దాని పదార్థమును గూర్చియు కొంత చెప్పవలెను, ఏలయన నేటి రోటరీ టూలునకు బిగించు కోతబిళ్ళ దాని సంతతియే. దక్షిణాపథమున విరివిగా దొరకు కురువిందము వజ్రము తరువాత ప్రకృతిలోని కఠినతమ ఖనిజములలో ఒకటి. దానిని చూర్ణముచేసి, కరిగిన లక్కతో కలిపి, చక్రముగా పోతపోసి మన దేశపు రత్నకారులు తరతరములుగా వాడిరి. ఇందలి బుద్ధిసూక్ష్మత గమనింపదగినది. కఠినమైన రేణువు కోయును. మెత్తనిదైన లక్క ఆ రేణువును పట్టి నిలుపును. రేణువు మొద్దుబారగానే లక్క దానిని విడిచిపెట్టి వెనుకనున్న క్రొత్త రేణువును ముందునకు తెచ్చును. తాను అరుగుచు తనను తాను పదునుపెట్టుకొను సాధనము ఇది. నేటి కర్మాగారములలో తయారగు బిళ్ళయు ఈ న్యాయమునే పాటించుచున్నది. 1798లో చార్లెస్ గ్రెవిల్ అను ఆంగ్లేయుడు లండను రాయల్ సొసైటీ పత్రికలో ఆసియాఖండపు కురువిందమును గూర్చి సవిస్తరముగ వ్రాసిన పిమ్మట ఐరోపా విద్వాంసుల దృష్టి దీనిపై నిలిచెను.

ఇక చేతికి స్వేచ్ఛ లభించిన విధము. ఆ కథ జరిగినది కమ్మరి కొలిమిలోను కాదు, వడ్రంగి సాలలోను కాదు, పంటివైద్యుని గదిలో. ఇతర వృత్తులవారు వస్తువును త్రిప్పి, మళ్ళించి, బిగించి సౌకర్యము కల్పించుకొనగలరు. పంటివైద్యునికి రోగి తలను బిగింపులో ఇరికించు అవకాశము లేదు. నోటిలోపల ఏ మూలకైనను, ఏ కోణమునైనను చేరగల చక్రము అతనికి తప్పనిసరి. అమెరికాలో జార్జి వాషింగ్టనునకు పండ్లు కట్టినవారిలో ఒకడైన జాన్ గ్రీన్‌వుడ్ 1790 ప్రాంతమున తన తల్లి కాలిరాట్నమును మార్చి, కాలితో త్రొక్కి తిరుగు తొలుపుసాధనమును చేసికొనెను. త్రిప్పు బలము చేతినుండి కాలికి దిగినది. రెండు చేతులును పనికి దక్కినవి. ఇంతటి ముఖ్యమైన మార్పు ఆయన గదితోనే ఆగిపోయి, మరి ఎనుబది యేండ్లవరకు వ్యాపింపలేదు.

ఈ నడుమ 1829లో మరియొక అద్భుతము పుట్టెను. తరువాతి కాలమున ఆవిరిసమ్మెటను నిర్మించి ప్రసిద్ధుడైన జేమ్స్ నాస్మిత్, లండనులో మాడ్‌స్లే యంత్రశాలలో పనిచేయుచుండిన యౌవనమున, ఉక్కుతీగను సన్నని సర్పిలముగ చుట్టి, వంగినను తిరుగుట మానని ఇరుసు నొకదానిని కనిపెట్టెను. ఇరుసు అనిన తిన్నగా నిలిచియుండవలెనని అంతవరకు సర్వులును నమ్మిన సంగతి. వంపులు తిరుగుచు చలనమును మోసుకొనిపోవు ఈ ఇరుసుతో, చక్రము ఒకచోటను బలము వేరొకచోటను ఉండి, రెంటికిని బంధము తెగకుండుట సాధ్యమయ్యెను. దానికి ఆయన హక్కుపత్రము తీసికొనలేదు. అనేకసంవత్సరములకు ఒక పంటివైద్యుని గదిలో అట్టి ఇరుసునే చూచి, అది అమెరికావారి నూతనకల్పన యని వైద్యుడు చెప్పగా వినవలసి వచ్చినదని నాస్మిత్ తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. కల్పించిన వానికి కీర్తి దక్కకుండుట యంత్రచరిత్రలో సాధారణమే యైనను, స్వయముగా తానే వినవలసి వచ్చుట అరుదు.

1864లో ఇంగ్లండున హారింగ్టన్ అను వైద్యుడు గడియారపు స్ప్రింగుతో నడచు తొలుపుసాధనమును చేసెను. ఒకసారి కీ యిచ్చిన అది సుమారు రెండు నిమిషములు తిరుగును. బలము చేతిలోనికి వచ్చినది నిజమేగాని, నిలకడ లేకపోయెను. 1871లో జేమ్స్ బీల్ మారిసన్ అను అమెరికా వైద్యుడు కాలితో త్రొక్కు దంతయంత్రమునకు హక్కుపత్రము పొందెను. కుట్టుమిషను త్రొక్కుడుబల్లవంటి ఏర్పాటు, నిలువుకంబము, కీళ్ళుగల బాహువు, దాని కొసన వ్రేళ్ళతో పట్టుకొను పిడి. ఆ తరువాత వచ్చిన యంత్రములు కీళ్ళబాహువునకు బదులు తీగచుట్టు ఇరుసును తొడిగికొన్నవి. 1875లో మిషిగన్ రాష్ట్రపు జార్జి గ్రీన్ విద్యుత్తుతో నడచు దంతసాధనమునకు హక్కుపత్రము తీసికొనెను. అయితే ఇండ్లకు కరెంటు ఇంకను రాని ఆ కాలమున బ్యాటరీలపై ఆధారపడిన ఆ బరువైన సాధనము సామాన్యవైద్యునికి అందుబాటులోనికి రాలేదు. దంతవైద్యము తరువాత తనదారిన తాను సాగి, 1957లో గాలితో తిరిగి నిమిషమునకు మూడు లక్షల చుట్లను అందుకొను టర్బైనును చేరెను. అంతకు చాల ముందే దాని పిడియును తీగచుట్టు ఇరుసును స్వర్ణకారుల బల్లలపైకి చేరినవి. న్యూయార్కులో 1922లో స్థాపితమైన ఫోర్డమ్ సంస్థ, కొక్కెమునకు వ్రేలాడు మోటారు, దానినుండి దిగు తీగ ఇరుసు, కాలితో నొక్కి వేగమును మార్చు మీట అను ఈ మూడింటి కూర్పును నగలపనివారికి అందించెను. నేడు మన బంగారుపనివారి దుకాణములలో కూర్చున్నవాని తలపైన వ్రేలాడు మోటారు ఆ వంశములోనిదే. మెహర్‌గఢులో పూసలవాడు పంటివైద్యునికి నేర్పిన విద్యను పంటివైద్యుడు నగలవానికి తిరిగి యిచ్చెను.

అయినను బలము ఇంకను కొక్కెమునకే వ్రేలాడుచుండెను. అది పిడికిటిలోనికి రావలెనన్న మూడు సాధనములు అవసరము: తేలికయై అతివేగముగల మోటారు, వేడిని విద్యుత్తును సహించు తేలికయైన తొడుగు, ఆ వేగమును ఓర్వగల కోతబిళ్ళ. ఈ మూడును ఇంచుమించు నలుబది యేండ్ల వ్యవధిలోనే లోకమునకు లభించినవి.

బిళ్ళ సంగతి ముందు. 1891లో పెన్సిల్వేనియాలో ఎడ్వర్డ్ ఆచెసన్ కృత్రిమవజ్రమును చేయబోయి, మట్టిని బొగ్గుపొడిని విద్యుత్తుతో కాల్చి, సిలికాన్ కార్బైడు స్ఫటికములను పొందెను. బొగ్గును కురువిందమును కలసి యేర్పడినదని భ్రమించి దానికి కార్బొరండమ్ అని పేరు పెట్టెను. మొదట దానిని రత్నములు సానపట్టువారికి కారట్ల లెక్కన అమ్మెను. నయాగరా జలపాతపు విద్యుత్తు లభించిన పిమ్మట అది టన్నులకొలది తయారయ్యెను. అనంతరము బాక్సైటునుండి కృత్రిమకురువిందమును విద్యుత్కొలుములలో పుట్టెను. గనులలో వెదకి, దంచి, జల్లించిన పదార్థము ఇట్లు కర్మాగారమున కొలతప్రకారము తయారగు సరకైనది.

రేణువులను పట్టి నిలుపు లక్కకును ప్రతినిధి దొరకెను. లక్క మన దేశపు అడవులలో పురుగులు ఈను పదార్థము. ప్రపంచమున విద్యుత్తు వ్యాపించిన కొలది తీగల పూతలకు దాని గిరాకి పెరిగి, ధర మండిపోయెను. దానికి ప్రత్యామ్నాయమును వెదకుచు లియో బేకలాండ్ 1907లో పుట్టించి 1909లో హక్కుపత్రము పొందినదే బేకలైటు. చేతిమోటారులకు తొడుగైనది ఇట్టి పదార్థమే. కోతబిళ్ళలలో రేణువులను కట్టి నిలిపినదియు ఆ జాతి జిగురే. మన రత్నకారుల లక్కసానకును నేటి కోతబిళ్ళకును గల బంధుత్వము కేవలము పోలిక కాదు, వంశక్రమము.

మోటారు సంగతి మరింత ఆసక్తికరమైనది. కర్మాగారములలో వాడు ఇండక్షన్ మోటారు ఇండ్లకు వచ్చు ప్రత్యావర్తక విద్యుత్తు తాళమునకు లోబడి తిరుగును. అమెరికాలో అది నిమిషమునకు 3,600 చుట్లు, మన దేశమున 3,000 చుట్లు దాటజాలదు. యూనివర్సల్ మోటారు అనబడు రెండవ జాతికి ఈ కట్టుబాటు లేదు. బొగ్గుబ్రష్షులద్వారా తిరుగు భాగమునకే విద్యుత్తు నందించు ఈ మోటారు, బరువు తగ్గిన కొలది వేగము పుంజుకొని పదివేలు, ఇరువదివేలు దాటగలదు. చప్పుడెక్కువ, వేడియెక్కువ, బ్రష్షులు అరుగును, కాని అరచేతిలో ఇమిడినంత చిన్నదైనను శక్తి చాలును. ఈ మోటారునకు పుట్టినిల్లు వంటిదై వెలసినది విస్కాన్సిన్ రాష్ట్రమున మిషిగన్ సరస్సు ఒడ్డునగల రసీన్ పట్టణము. 1910లో అచ్చట స్థాపితమైన హామిల్టన్ బీచ్ సంస్థ, చెస్టర్ బీచ్ రూపొందించిన తేలిక మోటారును పానీయములు కలుపు యంత్రములకు, గృహోపకరణములకు తొడిగెను. క్షౌరపు మిషనులు, మర్దనయంత్రములు, మిక్సరులు, ఇట్టి చిన్న మోటారుల వస్తువులు పెక్కు ఆ యూరినుండి బయలుదేరినవి.

ఆస్ట్రియా దేశమున పుట్టి అమెరికాకు వలసవచ్చిన ఆల్బర్ట్ డ్రెమెల్ ఆ రసీన్ పట్టణముననే 1932లో తన సంస్థను స్థాపించెను. ఆర్థికమాంద్యము అమెరికాను కృంగదీసిన సంవత్సరమది. సంస్థ మొదటి సరకు క్షౌరపుబ్లేడులకు పదునుపెట్టు విద్యుత్సాధనము. క్రొత్తబ్లేడు కొనుటకు కాసులు లేని దినములలో పాతదానిని పదునుపెట్టుకొనువారుందురను లెక్క కాబోలు. ఆ దశాబ్దపు నడుమ మోటో-టూలు అను పేర, మోటారునే పిడిగా చేసిన రోటరీ టూలు వెలువడెను. కొక్కెము లేదు, తీగ ఇరుసు లేదు, త్రొక్కుడుబల్ల లేదు. మెహర్‌గఢ్ పూసలవాని వింటిచేయి, రావల్కొండ గనిలోని నలుగురు మనుష్యులు, గ్రీన్‌వుడ్ కాలు, అందరును ఆ గుప్పెడంత తొడుగులో ఇమిడిపోయిరి. విద్యుత్తుతో తిరుగు చేతిబరమా అంతకుముందే, 1895లో, జర్మనీలో ఫైన్ సంస్థచే తయారైనది; 1917లో బ్లాక్ అండ్ డెకర్ వారు దానికి తుపాకిపిడిని హక్కుపత్రముతో తొడిగిరి. కాని అవి మెల్లగా, బలముగా తిరిగి తొలుచునవి. మోటో-టూలు బలమును త్యజించి వేగమును వరించినది. ఈ భేదమును మరచి రెంటిని ఒకే గాటకట్టుట తగదు.

దీనిని కొన్నదెవరు? కర్మాగారములలోని అచ్చుపనివారు, నమూనాలు చేయువారు సరే. వారికి మించి ఇంటిపట్టున పనిచేసికొను సామాన్యులు. మాంద్యపు దినములలో ఉద్యోగములు పోయినవారును, పనిగంటలు తగ్గినవారును నేలమాళిగలలో బల్లలు వేసికొని, ఉన్న వస్తువును బాగుచేసికొనుటయు లేని వస్తువును చేసికొనుటయు అలవరచుకొనిరి. 1933లో పాప్యులర్ సైన్సు మాసపత్రికవారు గృహశిల్పుల సంఘమొకదానిని దేశమంతట నెలకొల్పిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానకర్మాగారములలో చేతియంత్రములు పట్టి అలవాటుపడినవారు యుద్ధానంతరము ఇంటికిని అట్టివి కోరిరి; 1946లో బ్లాక్ అండ్ డెకర్ వారు గృహవినియోగమునకై చవుక యంత్రములను విడుదల చేయుటకు ఈ కోరికయే కారణము. డ్రెమెల్ సంస్థ తరువాత చేతులు మారి 1993లో జర్మనీ దేశపు బాష్ సంస్థ వశమైనది. 1954లో జనరల్ ఎలక్ట్రిక్ వారు కృత్రిమవజ్రమును సాధించిన పిమ్మట వజ్రధూళి పూసిన బిళ్ళలు క్రమముగ చవుకయై, గోలకొండ రత్నకారుడు చల్లుకొన్న పొడితో నేడు గృహస్థుడు స్నానాలగదిలోని పింగాణిపలకకు గొట్టపుకంత చేసికొనుచున్నాడు.

ఆ కోత ఎట్లు సాగునో సమీపమునుండి చూచినచో ఈ చరిత్రయంతయు చేతికి తెలియును. 24 మిల్లీమీటర్ల బిళ్ళను తీసికొందము. దాని చుట్టుకొలత సుమారు 75 మిల్లీమీటర్లు. నిమిషమునకు 30,000 చుట్లనగా సెకనుకు 500. బిళ్ళయంచు సెకనుకు 37 మీటర్లకు పైగా, అనగా గంటకు 135 కిలోమీటర్ల వేగమున పరుగిడును. మూడు మిల్లీమీటర్ల మొన వింటితో సెకనుకు పది చుట్లు తిరిగినదనుకొన్నను దాని యంచు పది సెంటీమీటర్లయినను సాగదు. అందుకే వింటివాడు అదిమెను; అదిమినగాని అతని మొన రాతిలోనికి దిగదు. చక్రపువాడు అదుమరాదు. తుప్పుపట్టిన బోల్టు తలపై బిళ్ళయంచును ఊరక తాకించిన మాత్రమున మొదట ఎఱ్ఱని తుప్పుపొడి రాలును, పిమ్మట లోహము తగిలి నారింజవన్నె నిప్పురవ్వలు సన్నని ధారగా ఒకవైపునకు ఎగయును. మోటారు కూత నిలుకడగా ఉన్నంతవరకు కోత సవ్యముగా నున్నదని అర్థము. కూత బరువెక్కి దిగినచో చేయి అదిమినది, వెంటనే ఎత్తవలెను. ఒక్కసారి లోతుగా దించుటకంటె, పదిమార్లు పైపైన నడపుట మేలు. బిళ్ళను గాడిలో నుంచి చేతిని ప్రక్కకు వంచితిమా, అది గాజుముక్కవలె పగిలి ముక్కలు ఎగురును. గాడి సిద్ధమైన పిమ్మట స్క్రూడ్రైవరును అందుంచి త్రిప్పిన, యేండ్లుగా మొరాయించిన బోల్టు చిన్న కిర్రుతో కదలును.

మన ఆళ్ళగడ్డ శిల్పశాలలలోను ఉలిసుత్తుల చప్పుడుతోపాటు మోటారుచక్రముల కూత నేడు వినవచ్చుచున్నది. ఇది శిల్పమునకు అపచారమని విచారించువారు కలరు. నేను వారితో ఏకీభవింపను. రాతిలో వృథాభాగమును తొలగించు గంటల శ్రమను యంత్రమునకు అప్పగించి, కనుబొమ్మయు పెదవియు తీర్చు పనిని చేయి ఉంచుకొన్నచో నష్టమేమి? నిజమైన నష్టము వేరొకచోట నున్నది. ఉలి రాల్చునది చాలవరకు పెచ్చు. చక్రము రాల్చునది ధూళి, ఊపిరితిత్తులలోనికి పోయి తిరిగి రానంతటి సూక్ష్మధూళి. వేగమునకు మనము చెల్లించు మూల్యమిది. రాతిపనివారి ముఖములకు ముసుగులును, బిళ్ళపై సన్నని నీటిధారయు ఉండునట్లు చూచుట వారిచే పనిచేయించుకొను ప్రతివాని బాధ్యత.

ఈ పనిముట్టును క్రొత్తగా చేపట్టువారికి ఒక మాట. ప్రతి బిళ్ళపైన గాని దాని పెట్టెపైన గాని అది ఓర్వగల గరిష్ఠవేగము ముద్రింపబడియుండును. మీ యంత్రపు వేగము దానిని మించినదేమో ముందుగా సరిచూచుకొనుడు. వస్తువును చేతితో పట్టుకొనక బిగింపులో బిగింపుడు. కంటియద్దములు పెట్టుకొనక మీట నొక్కకుడు. బిళ్ళ తిరుగు తలములో ముఖము నుంచకుడు. ఎంత తొందరయున్నను అదుమకుడు.